స్థానికత లెక్కలో తల్లి పేరేదీ? ఝార్ఖండ్ శాసనసభకు బహిరంగ లేఖ



1932లో గానీ అంతకుముందు గానీ జరిగిన భూసర్వే ఖతియాన్‌లో తన పేరో, తన పూర్వీకుల పేరో ఉన్నవారే ఝార్ఖండ్‌లో స్థానికులని ఈ సభ 2022 నవంబరు 11న తీర్మానించింది. గవర్నరు వెనక్కి పంపిన ఆ బిల్లునే 2023 డిసెంబరు 20న మార్పేమీ లేకుండా రెండోసారి ఆమోదించింది. భూమి లేనివారినీ, కాగితాలు పోయినవారినీ భాష, ఆచారం, సంప్రదాయం చూసి గ్రామసభ గుర్తించాలన్నది ఆ బిల్లులోని రెండో సగం. దాని భాషలో ఆడ, మగ అన్న విభజన కనిపించదు. అయినా అది ఆడవారికి అన్యాయం చేసే నిర్వచనమే. అన్యాయం బిల్లు వాక్యాల్లో లేదు, బిల్లు అడిగే కాగితంలో ఉంది.

ఖతియాన్ రైతు భూమి హక్కుల పత్రం. ఖాతా నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, రైతు పేరు, తండ్రి పేరు, కులం, ఊరు అందులో ఉంటాయి. శిస్తు తేల్చడానికి, హద్దుల తగాదాలు తీర్చడానికి బ్రిటిష్ పాలన రాయించిన దస్తావేజు అది. ఈ నేలకు ఎవరు చెందినవారో, ఎవరు కాదో నిర్ణయించడానికి దాన్ని ఎవరూ రాయలేదు. ఆనాటి ఛోటానాగ్‌పూర్‌లో భూమి మగవారి పేర సాగింది, తండ్రి నుంచి కొడుక్కి వెళ్లింది. ఎక్కడైనా ఆడపేరు కనిపిస్తే అది చాలావరకు వితంతువుది, పక్కన భర్త పేరు ఉంటుంది. కూతుళ్ల పేర్లు వెతికినా దొరకడం అరుదు. తొంభై ఏళ్ల తర్వాత ఒక మునిమనవరాలు ఆ పత్రంతో తన వంశావళి నిరూపించుకోవాలంటే ఆమెకున్న దారి ఒక్కటే: తండ్రి, తండ్రి తండ్రి, ఆయన తండ్రి. తల్లి వైపు నుంచి బయల్దేరితే మొదటి మెట్టు మీదే కాగితం తెగిపోతుంది. తల్లి పేరు ఆమె తండ్రి భూమి పత్రంలోకి ఎక్కనేలేదు గనుక.

‘పూర్వీకులు’ అన్నప్పుడు అందులో అమ్మమ్మ, అమ్మ తండ్రి కూడా ఉన్నారా? బిల్లు చెప్పలేదు. శాసనం చెప్పకుండా వదిలేసినదాన్ని అంచల్ (మండల) ఆఫీసు గుమస్తా పూరిస్తాడు. ఆ పూరింపు ఎటు మొగ్గుతుందో ధ్రువపత్రం కోసం ఆ కిటికీ ముందు నిలబడిన ఏ ఆడకూతురినైనా అడిగితే తెలుస్తుంది. దరఖాస్తులో తండ్రి పేరో, భర్త పేరో రాయకపోతే అది ముందుకు కదలదు. తల్లి ఇక్కడ పుట్టింది, ఇక్కడ చదివింది, ఇక్కడే పనిచేసింది, తండ్రి మాత్రం పక్క రాష్ట్రం నుంచి వచ్చాడు అనుకుందాం. ఆ బిడ్డ స్థానికురాలా, కాదా? మీరు రెండుసార్లు చేయెత్తిన బిల్లులో ఈ ప్రశ్నకు జవాబు ఏ నిబంధనలో ఉంది?

ఇలాంటి దస్తావేజు అడిగితే ఎవరు ఇరుక్కుంటారో ఊహించుకోవలసిన పని లేదు, అస్సాం చూపించింది. అక్కడి జాతీయ పౌర పట్టిక తయారీలో ప్రతివారూ 1971కి ముందు ఉన్న తమ పూర్వీకుల పేరు చూపించి, ఆ పూర్వీకులతో తమ సంబంధాన్ని నిరూపించుకోవలసి వచ్చింది. చిన్నప్పుడే పెళ్లయి వేరే ఊరు వెళ్లిన ఆడవారికి బడి సర్టిఫికెట్ లేదు, పేర భూమి లేదు. పుట్టిన తేదీ ఎక్కడా నమోదు కాలేదు. ఓటరు జాబితాలో పేరు పెళ్లి తర్వాతే ఎక్కింది, అదీ భర్త పేరుతో. లక్షల మందికి తండ్రితో బంధం చూపే కాగితం గ్రామ పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన ధ్రువపత్రం ఒక్కటే. 2017 ఫిబ్రవరిలో గువాహటి హైకోర్టు ఆ పత్రం చెల్లదంది. అదే ఏడాది డిసెంబరు 5న సుప్రీంకోర్టు, తగిన పరిశీలన జరిపితే చెల్లుతుందని దాన్ని నిలబెట్టింది. ఆ మధ్య పది నెలలు, అన్నదమ్ములు పట్టికలో నిశ్చింతగా ఉన్న ఇళ్లలోనే అక్కచెల్లెళ్లు తాము ఎవరి బిడ్డలమో రుజువు కోసం తిరిగారు. 2019 ఆగస్టు 31న వెలువడిన తుది పట్టికలో 19 లక్షలకు పైగా జనం పేర్లు లేవు.

అస్సాంలోది పౌరసత్వం, ఇక్కడిది స్థానికత, రెండూ ఒకటి కావన్నది నిజం. స్థానికత పోయినవారిని ఎవరూ దేశం నుంచి పంపేయరు. కానీ మూడో, నాలుగో తరగతి ప్రభుత్వ ఉద్యోగం స్థానికులదేనని ఇదే బిల్లు అంటున్నప్పుడు, స్కాలర్‌షిప్పు, సంక్షేమ పథకం దానికి ముడిపడుతున్నప్పుడు, పేద ఇంటి పిల్లకు స్థానికతే చేతికందే పౌరసత్వం. రాంచీలోనో జంషెడ్‌పూర్‌లోనో సొంత ఇల్లు, ఇంగ్లీషు చదువు, కంపెనీ ఉద్యోగం ఉన్నవారికి ఈ ధ్రువపత్రం లేకపోయినా గడుస్తుంది. పోలీసు కానిస్టేబుల్, నర్సు, బడి గుమస్తా ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న బస్తీ పిల్లకు గడవదు.

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్ బస్తీ ఈ విషయాన్ని ఏ గ్రంథం కన్నా బాగా చెబుతుంది. 1907లో టాటా కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చీలో ఉక్కు తీయడం మొదలయ్యాక, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగు కూలీలు రైలెక్కి ఇక్కడికి వచ్చారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవారూ, చుట్టుపక్కల ఊళ్ల సంతాల్, హో, భూమిజ్ కుటుంబాలవారూ వాళ్ల పక్కనే పనిచేశారు. 1932 నాటికి ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టి పదమూడేళ్లయింది. అప్పటికే ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లలున్నారు. వాళ్ల పేర్లు ఏ ఖతియాన్‌లోనూ ఉండవు. ఉన్న క్వార్టరు కంపెనీది, గుడిసె వేసుకున్న నేల కంపెనీ చేతిలోది. రైతు కానివారికి రైతు పత్రం ఎక్కడి నుంచి వస్తుంది? 2005లో టాటా లీజును పొడిగించినప్పుడు బస్తీల నేలను లీజు నుంచి మినహాయించారు. ఇక్కడి నాయకులు ప్రతి ఎన్నికలోనూ పలికే ‘86 బస్తీల’ మాట చాలాకాలంగా ఉంది, ఇంటి నేల మీద యాజమాన్య హక్కు మాత్రం బస్తీవారికి ఇంకా అందలేదు.

ఆ కూలీల్లో ఆడవారూ ఉన్నారు. ఇటుక మోసిన, ఖనిజం ఎత్తిన, తట్టలు నెత్తిన పెట్టుకుని నడిచిన ఆ ఆడవారిని ఈ నగరం రేజాలు అని పిలిచింది. ఫ్యాక్టరీ గోడ లేవడంలో వాళ్ల చెమట ఎంత ఉందో కంపెనీ చరిత్ర రాసినవారు ఒప్పుకున్నారు. అయితే రేజా పేరు ఏ భూమి పత్రంలోనూ లేదు. మగ కూలీకి 1932 పత్రం లేకపోవడానికి కారణం ఒక్కటే, భూమి లేకపోవడం. రేజాకు కారణాలు రెండు. భూమి ఉన్నా ఆమె పేర ఉండేది కాదు.

ఇక భూమి లేనివారిని గుర్తించే గ్రామసభ. జంషెడ్‌పూర్‌లో అది ఎక్కడుంది? భుయ్యాడీహ్ ఊరు కాదు, నగరంలో భాగం. గ్రామసభ లేదు. ఎన్నికైన నగరపాలక సంస్థ కూడా లేదు. నోటిఫైడ్ ఏరియా కమిటీ అధికారులతో నడుస్తుంది. జంషెడ్‌పూర్‌కు మూడో అంచె స్వపరిపాలన కావాలన్న పోరాటం 1980ల నుంచి కోర్టుల్లో సాగుతూనే ఉంది. అంటే ఈ బిల్లు భూమి లేనివారికి చూపించిన ఒకే ఒక్క తలుపు ఈ నగరంలో అసలు లేదు. ఊళ్లలో తలుపు ఉన్నచోట కూడా ఆచారం, సంప్రదాయం చూసి తీర్పు చెప్పే మాంఝీ, ముండా, మాన్కీ అనే ఊరి పెద్దల పదవులు చాలాచోట్ల తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవే. కులం బయట పెళ్లి చేసుకున్న కూతురు, భర్తను వదిలి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఆ పెద్దల ముందు నిలబడి తాను సంప్రదాయానికి చెందినదాన్నే అని నిరూపించుకోవాలా? 1932 అన్న గీత ఈ ప్రాంతానికి సరిపోదని, జంషెడ్‌పూర్ ఉన్న కోల్హాన్‌లో సర్వేలు 1964 నుంచి 1970 వరకు జరిగాయని మాజీ ముఖ్యమంత్రి మధు కోడా, నాటి ఎంపీ గీతా కోడా 2022లోనే అభ్యంతరం చెప్పారు. అంకె మీద వచ్చిన ఆ అభ్యంతరానికే సభ జవాబు చెప్పకపోతే, అంకెల్లోకి ఎక్కని ఆడవారి గురించి ఎవరు చెబుతారు?

పెళ్లి దగ్గర ఈ చిక్కు ఇంకా బిగుస్తుంది. జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో కోడళ్లు శ్రీకాకుళం, విజయనగరం, బరంపురం నుంచి రావడం, కూతుళ్లు అటే వెళ్లడం తరతరాలుగా ఉన్నదే. నలభై ఏళ్లు ఇక్కడ కాపురం చేసి, ఇక్కడే పిల్లల్ని కని, ఇక్కడే ఓటేసిన కోడలు స్థానికురాలు అయితే భర్త ద్వారానే అవుతుంది. భర్త పోయినా, విడిపోయినా ఆమె ఏమవుతుంది? షెడ్యూల్డ్ కులాల ఇళ్లలో దెబ్బ రెండింతలు. వలస వెళ్లినవారికి పుట్టిన రాష్ట్రపు రిజర్వేషన్ కొత్త రాష్ట్రంలో రాదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. ఆ కేసు వేసినది తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు. తండ్రి ఉద్యోగరీత్యా ముంబయి వెళ్లిన విద్యార్థి ఆయన. మగవాడు వలస వెళ్లాలా వద్దా అన్నది చాలావరకు అతని నిర్ణయం. ఆడపిల్ల రాష్ట్రం మారడం ఈ సమాజం ఆమె మీద పెట్టిన నియమం. అత్తవారింటికి వెళ్లినందుకు ఒకచోట హక్కు పోగొట్టుకుని, వచ్చిన చోట హక్కు పొందని పౌరురాలికి ఎవరు బాధ్యులు?

ఇది తెలుగువారి గోడు మాత్రమే కాదు. సంతాల్ ప్రజల నేల ఝార్ఖండ్, ఒడిశా, బెంగాల్ మధ్య చీలి ఉంది. సరాయికేలా, ఖర్సావాన్ సంస్థానాలు 1948 జనవరి నుంచి మే వరకు ఒడిశాలో, తర్వాత బీహార్‌లో ఉన్నాయి. ఆ జనవరి 1న ఖర్సావాన్‌లో తూటాలకు బలైన ఆదివాసీలు రాష్ట్ర సరిహద్దు ఎంత యాదృచ్ఛికమో ప్రాణాలిచ్చి చెప్పారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ నుంచి ఝార్ఖండ్‌లోని ఘాట్‌శిలాకు కోడలిగా వచ్చిన సంతాల్ అమ్మాయి అదే భాష మాట్లాడుతుంది, అదే పండుగ చేసుకుంటుంది. కాగితం మాత్రం ఆమెను బయటి మనిషి అంటుంది. ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ భార్య కల్పనా సోరెన్ కుటుంబ మూలాలు మయూర్‌భంజ్‌లో ఉన్నందున ఆమె ఝార్ఖండ్‌లో ఎస్టీ రిజర్వుడు స్థానం నుంచి పోటీ చేయగలరా అన్న ప్రశ్నను 2024లో ప్రతిపక్షం బహిరంగంగా లేవనెత్తింది. ఆమె గాండే జనరల్ స్థానం నుంచి గెలిచి సభకు వచ్చారు. రాష్ట్రంలో అంతటి ఇంట ఉన్న మహిళకే ఈ ప్రశ్న ఎదురైతే, భుయ్యాడీహ్‌లో వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునే కోడలి తరఫున మాట్లాడేవారెవరు?

ఈ సభ చదవవలసిన మొదటి పుస్తకం రాజ్యాంగమే. 1950లో అది అమల్లోకి వచ్చినప్పుడు ఐదో అధికరణం పౌరుడెవరో చెబుతూ, ఇక్కడ స్థిరనివాసం ఉన్నవారికి తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు భారత భూభాగంలో పుట్టినా చాలంది. తల్లినీ తండ్రినీ ఒకే మెట్టు మీద నిలబెట్టింది. 1955 పౌరసత్వ చట్టం ఆ మెట్టు దిగిపోయింది. విదేశంలో పుట్టిన బిడ్డకు వంశక్రమంగా పౌరసత్వం తండ్రి నుంచే వస్తుందంది. ఆ తప్పు దిద్దడానికి దేశానికి ముప్పై ఏడేళ్లు పట్టింది. 1992 డిసెంబరు 10 నుంచి తల్లి ద్వారా కూడా వస్తుంది. మరుసటి ఏడాది, 1993లో, స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒడంబడికను భారత్ ధ్రువీకరించింది. పిల్లల జాతీయత విషయంలో ఆడవారికి మగవారితో సమాన హక్కు ఉండాలని అందులోని తొమ్మిదో అధికరణం చెబుతుంది. దేశ పౌరసత్వంలో పార్లమెంటు దిద్దుకున్న తప్పును రాష్ట్ర స్థానికతలో ఈ సభ మళ్లీ చేయడం ఎందుకు?

పదహారో అధికరణం ఇంకా సూటిగా ఉంది. మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం, వీటిలో దేని కారణంగానూ ప్రభుత్వ ఉద్యోగంలో వివక్ష చూపకూడదన్నది దాని రెండో ఖండిక. వంశం, లింగం ఒకే వాక్యంలో ఉన్నాయి. పూర్వీకుల పేరు అడిగే చట్టం ఒకదాన్ని ఎదురుగా, రెండోదాన్ని చాటుగా ఉల్లంఘిస్తుంది. నివాసం ఆధారంగా మినహాయింపు ఇచ్చే అధికారం మూడో ఖండిక కింద పార్లమెంటుకు ఉంది, రాష్ట్ర శాసనసభకు లేదు. పదమూడు షెడ్యూల్డు జిల్లాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానికులకేనన్న ఝార్ఖండ్ ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో చెప్పింది. అందుకు ఆసరా తీసుకున్నది 2020లో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ఉపాధ్యాయుల కేసులో ఇచ్చిన తన తీర్పునే. రాజ్యాంగంలోని తొమ్మిదో షెడ్యూలులో పెడితే చట్టానికి రక్షణ దొరుకుతుందన్న ఆశకు కూడా 2007 నాటి కొయెల్హో తీర్పు హద్దు గీసింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని దెబ్బతీసే చట్టాన్ని ఆ షెడ్యూలు కాపాడదు.

తెలుగువారు ఈ దారిలో చాలా దూరం నడిచి వచ్చినవారు. నిజాం హైదరాబాద్‌లో 1919 నుంచి అమలైన ముల్కీ నిబంధనల్లో జన్మతః ముల్కీ కావాలంటే తండ్రి ముల్కీ అయి ఉండాలి. ఆడమనిషికి ఉన్న ప్రత్యేక దారి ముల్కీకి భార్య కావడం. వాటి వెనుక ఉన్న బాధ అబద్ధం కాదు. బయటివారు వచ్చి ఉద్యోగాలన్నీ పట్టుకుపోతున్నారన్న తెలంగాణ ఆవేదన 1952లో, 1969లో వీధుల్లో రక్తమై పారింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే ఆంధ్ర ప్రాంతం జై ఆంధ్ర అంటూ భగ్గుమంది. చివరికి 1973 ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వు స్థానిక అభ్యర్థిని ఎలా గుర్తించిందో ఈ సభ గమనించాలి. అర్హత పరీక్ష రాసేనాటికి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారో అది అడిగింది. బడికి వెళ్లనివారిని వరుసగా నాలుగేళ్లు ఎక్కడ నివసించారో అడిగింది. తండ్రి ఎవరని అడగలేదు, భర్త ఎవరని అడగలేదు. ఆ విధానం మీద కూడా తగాదాలు వచ్చాయి, ఇంకా ఉన్నాయి. కానీ బడి రిజిస్టరులో ఆడపిల్ల పేరు ఆమెదే. ముల్కీ నుంచి ఈ ఉత్తర్వు దాకా సాగిన ప్రయాణంలో ఆడపిల్లకు దక్కిన గెలుపు అది. దాని గురించి తెలుగునాట కూడా చాలినంత చెప్పుకోలేదు.

జమ్మూకశ్మీర్ అనుభవమూ దగ్గరిదే. శాశ్వత నివాసి అయిన ఆడమనిషి రాష్ట్రం బయటివాణ్ని పెళ్లాడితే ఆ హోదా పోతుందన్న ఆచారాన్ని అక్కడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2002లో కొట్టేసింది. మగవాడు బయటి అమ్మాయిని పెళ్లాడితే అతనికి ఏమీ పోయేది కాదు. నేపాల్‌లో తల్లి పేరుతో పౌరసత్వం కోసం ఆడవారు ఏళ్లతరబడి పోరాడితే 2023లో చట్టం సవరించారు, అదీ పూర్తి సమానత్వం ఇవ్వలేదు.

ఆదివాసీల వైపు నుంచి చూడకుండా ఈ లేఖ న్యాయంగా ఉండదు. ఈ రాష్ట్రం 2000 నవంబరు 15న ఏర్పడింది, 2011 జనగణన ప్రకారం అందులో ఆదివాసీలు 26 శాతం. ఫ్యాక్టరీలు, గనులు, ఆనకట్టలు వాళ్ల ఊళ్ల మీదే లేచాయి. ఉక్కు వాళ్ల నేల నుంచి వచ్చింది, ఉద్యోగం చాలాసార్లు ఇతరులకు వెళ్లింది. ‘బాహరీ, భీతరీ’ (బయటివారు, లోపలివారు) అన్న మాటల వెనుక ఉన్న ఈ గాయం నిజమైనది. దానికి మందు కావాలి. 2002లో బాబూలాల్ మరాండీ ప్రభుత్వం 1932ను ఆధారం చేయబోతే హింస చెలరేగింది, ప్రాణాలు పోయాయి, హైకోర్టు ఆ విధానాన్ని కొట్టేసింది. 2016లో రఘువర్ దాస్ ప్రభుత్వం 1985ను గీతగా పెడితే మూలవాసులు మోసమన్నారు. ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వాలు అంకెలు మారుస్తూ వచ్చాయి. అంకె ఏదైనా వంశావళి మగవారిదే.

ఆదివాసీ ఆడవారికి కూడా ఈ బిల్లు మేలు చేయదు. ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టంలోని వారసత్వం మగవారికే పరిమితమైందని హో మహిళల తరఫున 1982లో మధు కిశ్వర్ వేసిన కేసుకు 1996లో తీర్పు వచ్చింది. సుప్రీంకోర్టు ఆ సెక్షన్లను కొట్టేయలేదు, భూమి మీద బతికే ఆడవారి జీవనోపాధికి మాత్రం రక్షణ ఇచ్చింది. 2025 జులై 17న ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో అదే కోర్టు, కూతుళ్లకు వాటా లేదన్న ఆచారాన్ని నిరూపించలేనప్పుడు ఆడవారికి సమాన వాటా ఇవ్వాల్సిందేనని చెప్పింది. నాగలి పట్టే పొలంలోనే హక్కు కోసం నలభై ఏళ్లుగా కోర్టు మెట్లెక్కుతున్న ఆడవారిని, అదే పొలం కాగితం తెచ్చి స్థానికత నిరూపించుకోమనడం ఏ న్యాయం? 2024 నవంబరు ఎన్నికల ప్రచారంలో మరో పక్షం, చొరబాటుదారులు ఆదివాసీ అమ్మాయిలను పెళ్లి చేసుకుని భూమి కాజేస్తున్నారని, ఆ భూమి బదిలీని ఆపే చట్టం తెస్తామని చెప్పింది. ఒకరి ప్రసంగంలో ఆదివాసీ అమ్మాయి భూమికి వేసిన గడియ, మరొకరి బిల్లులో వంశావళిలో కనిపించని గీత. ఆమెను తన పేరుతో, తన హక్కుతో చూసిన పక్షం ఏది?

కొన్ని దేశాల్లో ఈ ప్రశ్నను నేరుగా ప్రజలకే వదిలారు. బహామాస్‌లో 2016 జూన్ 7న నాలుగు రాజ్యాంగ సవరణల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. విదేశంలో పుట్టిన బిడ్డకు బహామాస్ తల్లి నుంచి కూడా పౌరసత్వం రావడం, విదేశీ భర్తకు విదేశీ భార్యతో సమానమైన అవకాశం ఉండడం, పెళ్లి కాని బహామాస్ తండ్రి నుంచి బిడ్డకు పౌరసత్వం రావడం, వివక్ష నిషేధంలో లింగాన్ని చేర్చడం ఆ నాలుగు అంశాలు. నాలుగూ ఓడిపోయాయి. 2002లోనూ ఇలాంటి ప్రయత్నమే ఓడింది. చర్చంతా బయటివాళ్లు పౌరసత్వం కోసం పెళ్లిళ్లు చేసుకుంటారన్న భయం చుట్టూ, స్వలింగ వివాహాలకు దారి తెరుచుకుంటుందన్న భయం చుట్టూ తిరిగింది. అసలు ప్రశ్న తల్లికి తండ్రితో సమాన స్థానం ఉందా అన్నది. భయాల మధ్య ఆ ప్రశ్న నలిగిపోయింది.

భారత్‌లో చట్టం మీద ప్రజాభిప్రాయ సేకరణకు రాజ్యాంగంలో చోటు లేదు. 1967 జనవరి 16న గోవాలో, 1975లో సిక్కింలో జరిగినవి ఆ ప్రాంతాల భవితవ్యం తేల్చడానికి జరిగిన ప్రత్యేక ఘట్టాలు. పొరుగున ఒడిశాలో 2013లో నియమగిరి గనుల మీద పన్నెండు గ్రామసభలు చెప్పిన ‘వద్దు’ సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన మరో ప్రత్యేక ఘట్టం. అందువల్ల ఎవరు ఈ రాష్ట్రానికి చెందినవారన్న ప్రశ్నకు జవాబు చెప్పే పూర్తి బరువు ఈ సభ మీదే పడింది. ప్రజలు కాదన్నారని చెప్పే అవకాశం బహామాస్ నాయకులకు ఉంది. మీకు లేదు. కోర్టు కొట్టేసింది, గవర్నరు వెనక్కి పంపారు అన్న మాట కూడా ఈ విషయంలో చెల్లదు. తల్లి పేరు రాయవద్దని ఏ కోర్టూ, ఏ గవర్నరూ మిమ్మల్ని ఆపలేదు.

ఆడవారిని వాళ్ల పేరుతోనే గుర్తించడం ఈ సభకు చేతకాని పని కాదు. రాష్ట్ర ప్రభుత్వ పథకం మయ్యా సమ్మాన్ యోజన డబ్బు 2024 ఆగస్టు నుంచి ఆడవారి సొంత బ్యాంకు ఖాతాలోకి వెళ్తోంది. నెలకు వెయ్యి రూపాయలతో మొదలై 2,500కు పెరిగింది. డబ్బు ఇచ్చేటప్పుడు ఆమె తానుగా ఒక మనిషి. మరి ఈ నేల నీదేనా అని అడిగేటప్పుడు తాతముత్తాతల మగపేర్లు ఎందుకు కావలసి వస్తున్నాయి?

బిల్లు తిరిగి చర్చకు వచ్చినప్పుడు ‘పూర్వీకులు’ అన్నచోట తల్లి వైపువారు గానీ, తండ్రి వైపువారు గానీ అని స్పష్టంగా రాయాలి. పెళ్లి వల్ల స్థానికత రాదు, పోదు అని ఒక నిబంధన చేర్చాలి. పుట్టింటి నుంచి వచ్చిన కోడలికి ఆమె సొంత నివాస కాలమే ఆధారం కావాలి. ఇక్కడి బడిలో చదివిన ఏళ్లను, ఆ బిడ్డ ఎవరి బిడ్డ అన్నదానితో పని లేకుండా, రుజువుగా ఒప్పుకోవాలి. భూమి లేని నగరవాసులను గుర్తించడానికి గ్రామసభకు బదులుగా ఏ వ్యవస్థ ఉంటుందో చట్టంలోనే చెప్పాలి, ఆ వ్యవస్థలో సగం మంది ఆడవారు ఉండాలి. వీటిలో దేనివల్లా ఆదివాసీల భూమికి, రిజర్వేషన్‌కు, ఐదో షెడ్యూలు రక్షణకు నష్టం లేదు. మూలవాసులకు ఉద్యోగాల్లో ముందు వరుస ఇవ్వాలంటే దానికి పార్లమెంటును ఒప్పించే దారి ఉంది. ఆ దారిలో కూడా మూలవాసి కూతురు, మూలవాసి కొడుకు సమానంగా నిలబడాలి.

ఈ సవరణలు పెట్టడానికి మంత్రివర్గ నిర్ణయం కోసం వేచి చూడనవసరం లేదు. బిల్లు మీద సవరణ ప్రతిపాదించే హక్కు ఈ సభలోని 81 మంది సభ్యుల్లో ప్రతి ఒక్కరికీ ఉంది. భుయ్యాడీహ్ ఉన్న జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గానికి 2024 నుంచి ఒక మహిళే ప్రతినిధి. మొదటి సవరణ ఆ బెంచీ నుంచే రావాలని, పార్టీ ఏదైనా మిగిలిన సభ్యులు దాన్ని బలపరచాలని ఈ లేఖ కోరుతోంది.